రికార్డులో 8 నిమిషాలు, ఫ్లాట్ వాళ్ళకి 31: ఒక ఫైర్ స్టేషన్ కేసు

ముందే చెప్పేస్తున్నా, ఊరి పేరు, స్టేషన్ పేరు, అపార్ట్‌మెంట్ పేరు ఏవీ ఇందులో ఉండవు, గుర్తుపట్టే వివరాలు కూడా కొంచెం మార్చేశా. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇలాంటి ఊర్లు బోలెడు ఉన్నాయి కాబట్టి ఇది మా ఏరియానే అని ఎవరికైనా అనిపిస్తే అనిపించనీండి. నేను ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా చేసి రిటైర్ అయ్యా, ఇది నా ఆఖరి పోస్టింగ్‌లో జరిగింది. ఎవరూ చనిపోలేదు, అందుకే పేపర్లో నాలుగు లైన్లు కూడా రాలేదు, కానీ నా సర్వీసులో నాకు ఎక్కువ నేర్పిన కాల్ ఏదంటే ఇదే చెప్తా.

ఊరు ఎలా ఉండేదంటే

స్టేషన్ కట్టినప్పుడు అది మండలం. చిన్న ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఉందని ఒక స్టేషన్ ఇచ్చారు, ఒక వాటర్ టెండర్, అంటే నీళ్ళ ట్యాంకు ఉన్న ఫైర్ ఇంజన్, 4500 లీటర్లది. మా పాత సిబ్బందికి తెలిసిన పని గడ్డివాములు, గుడిసెలు, అప్పుడప్పుడు పత్తి లారీ. ఎవరో ఫోన్ చేసి ఫలానా ఊర్లో పటేల్ గారి గడ్డివాము అంటే చాలు, డ్రైవర్‌కి దారి తెలుసు, పటేల్ గారు కూడా తెలుసు.

తర్వాత పదేళ్ళలో మూడు గ్రామ పంచాయతీలు కలిపి మునిసిపాలిటీ చేశారు, పొలాలు లేఅవుట్లు అయ్యాయి, చెరువు అవతల ఇరవై ముప్పై అంతస్తుల టవర్లు లేచాయి. అడ్రస్‌లు మాత్రం పంచాయతీ కాలంలోనే ఆగిపోయాయి. మూడు పంచాయతీల్లోనూ వేరే వేరే లేఅవుట్లు, ప్రతిదానికీ ఒక రోడ్ నెంబర్ 4 ఉంది. సాయినగర్‌లు రెండు. వినాయకుడి గుడి పక్క సందు అంటే కనీసం నాలుగు చోట్లకి సరిపోతుంది. ఇంటి నెంబర్ అడుగుదామా అంటే 3-64/ఎ/12 లాంటివి, ఆ నెంబర్లు ఇల్లు ఎప్పుడు అసెస్‌మెంట్ అయితే అప్పుడు ఇచ్చుకుంటూ పోయినవి, 12 పక్కన 13 ఉంటుందని గ్యారంటీ ఏం లేదు.

రూల్ సంగతి కూడా చెప్పాలి. కేంద్ర హోం శాఖ కింద స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ అని ఉంది, ఆ నార్మ్ ప్రకారం పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో ఇంజన్ చేరాలి, జనాభాలో 3 లక్షల దాకా ప్రతి 50 వేలకి ఒక పంపు, అంటే ఒక ఫైర్ ఇంజన్ ఉండాలి. మా ఊరు రికార్డుల్లో మండలం నుంచి మునిసిపాలిటీ అయిన రోజే మా టార్గెట్ 20 నుంచి 7కి పడిపోయింది, మా షెడ్‌లో బండి మాత్రం అదే ఒక్కటి.

ఆ రాత్రి

ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడు బ్లాకులు, గేటెడ్ అని బోర్డు. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటీ అంటుకుంది, పక్కన రెండు బైకులు, పైన కేబుళ్ళు. పొగ లిఫ్ట్ గుంతలోంచి, మెట్ల మీదుగా పైకి పోయింది. నాలుగో అంతస్తులో పెద్దావిడకీ ఇంకొకాయనకీ పొగ పట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, రెండ్రోజుల్లో ఇంటికొచ్చారు.

మర్నాడు అసోసియేషన్ వాళ్ళు కలెక్టరేట్‌లో కంప్లైంట్ ఇచ్చారు, ఫైర్ ఇంజన్ అరగంట తర్వాత వచ్చిందని. నేను లాగ్ బుక్ తీసి చూపించా: కాల్ 2:01, స్పాట్ 2:09. ఎనిమిది నిమిషాలు. నార్మ్ కంటే ఒక్క నిమిషం ఎక్కువ, మా ఊరికి అది గొప్పే. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఆ పుస్తకం చూసి కోప్పడలేదు, నవ్వారు. "సార్ మీ పుస్తకంలో మా మంట రెండింటికి మొదలైందా" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

నిజంగానే కూర్చుని లెక్కేశా. సీసీ కెమెరా డీవీఆర్ తెప్పించాం, దాని గడియారం 4 నిమిషాలు ముందుంది, అది సరిచేశాం, ఫ్లాట్ల వాళ్ళ ఫోన్ కాల్ లిస్టులు, పోలీస్ కంట్రోల్ రూమ్ టైమ్, మా వైర్‌లెస్ టైమ్ అన్నీ ఒక కాగితం మీద పెట్టా. మొదటి పొగ 1:47. వాచ్‌మన్ చూసి సూపర్‌వైజర్‌కి, సూపర్‌వైజర్ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసుకున్నారు, ఎవరో మెయిన్ ఆఫ్ చేశారు, 1:54కి గానీ ఒకాయన 100కి కొట్టలేదు. అంటే 7 నిమిషాలు ఎవరికీ ఫోనే లేదు. 1:54 నుంచి 2:01 దాకా, ఇంకో 7 నిమిషాలు, ఆ కాల్ మా బెల్ దాకా రావడానికి పట్టింది, ఎందుకంటే ఆ ఫోన్‌ని పక్క పోలీస్ కమిషనరేట్ వైపు సెల్ టవర్ పట్టుకుంది, తర్వాత ఏ సాయినగర్ అనే దగ్గర ఆగింది. 2 నిమిషాలు మావాళ్ళు లేచి బండెక్కడానికి. 6 నిమిషాలు ప్రయాణం. 2:09కి గేటు దగ్గరికొచ్చి స్పాట్ రీచ్డ్ అని వైర్‌లెస్‌లో చెప్పాం. నీళ్ళు పడింది 2:18కి. ఆ 9 నిమిషాలు ఏం చేశామంటే, వెనక గేటుకి పోయాం, దానికి తాళం, తాళం చెవి సూపర్‌వైజర్ దగ్గర, ఆయన ఇంట్లో. ముందు గేటుకి తిరిగొస్తే సగం తలుపే తెరుచుకుంటుంది, లోపల ర్యాంప్ మీద రెండు కార్లు.

మొత్తం 31. అందులో ఇంజన్ రోడ్డు మీద ఉన్నది 6. మా డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు, కొత్త స్టేషన్ ప్రతిపాదనలు, మీటింగులు అన్నీ ఆ 6 నిమిషాల గురించే. నాకు ఆ కాగితం చూశాక కాసేపు ఏం తోచలేదు నిజంగా.

ముందు చేసినవి, పనిచేయనివి

మొదట అందరూ చేసేదే చేశాం, ఇంకో బండి అడిగాం, ఇంకో స్టేషన్ అడిగాం. తప్పు కాదు, అవసరమే, కానీ స్థలం కావాలి, పోస్టులు శాంక్షన్ కావాలి. 15వ ఆర్థిక సంఘం ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకి దేశం మొత్తానికి 5,000 కోట్లు పెట్టింది, అందులోంచి మన దాకా ఏదో ఒకటి వస్తుందని ఆశ ఉండేది. ఈలోపు కాలిపోయేవి కాలిపోతుంటాయి కదా.

రెండోది టర్న్ అవుట్ డ్రిల్. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 1710 అని ఒక స్టాండర్డ్ ఉంది, బెల్ మోగాక 80 సెకన్లలో బండి కదలాలి, తర్వాత మొదటి ఇంజన్ 240 సెకన్లలో చేరాలి, అదీ యావరేజ్‌లో కాదు, పదింటిలో తొమ్మిది సార్లు. మావాళ్ళకి అదే చెప్పి నెలరోజులు రాత్రుళ్ళు బెల్ కొట్టా. నన్ను తిట్టుకున్నారు, తిట్టుకుంటే తిట్టుకున్నారు, 2 నిమిషాలు 80 సెకన్ల దగ్గరికొచ్చింది. బాగుంది, కానీ 31లో 40 సెకన్లు.

మూడోది ఫోన్ మ్యాప్. డ్రైవర్ పక్కన స్టాండ్ పెట్టి మ్యాప్ పెట్టాం. ఇది పెద్ద ఫెయిల్యూర్, ఎందుకో చెప్తా, ఇక్కడే నాకు అసలు సంగతి దొరికింది. మ్యాప్ కారుకి దారి చెప్తుంది. నీళ్ళు నింపిన టెండర్ కారు కాదు. ఒక మధ్యాహ్నం రైల్వే అండర్ బ్రిడ్జి దారి చూపిస్తే అక్కడ హైట్ గేజ్, అంటే ఎత్తు బండ్లని ఆపే ఇనుప గడ్డర్ ఉంది, బండి పట్టదు, వెనక ఆటోలు, రివర్స్ తీయడానికి మావాళ్ళు దిగి ట్రాఫిక్ ఆపాల్సి వచ్చింది. ఇంకోసారి కాలనీ కమాన్ కింద నిచ్చెన తగిలింది. మెయిన్ రోడ్డు డివైడర్‌లో యూటర్న్‌లు పోలీసులు ఇవాళ మూస్తారు రేపు తీస్తారు, మ్యాప్‌కి అది వారం తర్వాత తెలుస్తుంది.

కాలనీ వాలంటీర్ల వాట్సాప్ గ్రూప్ కూడా పెట్టాం. మూడు వారాల్లో గుడ్ మార్నింగ్ గులాబీలు, ఆ తర్వాత ప్లాట్ అమ్మకాలు. దాని గురించి ఇంతకంటే రాయను.

పోలీస్ బండి

మా సర్కిల్‌లో పోలీస్ పెట్రోల్ కార్ దాదాపు ప్రతి ఫైర్ కాల్‌కీ మా కంటే ముందే చేరేది. దీనికి ఈర్ష్య పడాల్సింది లేదు, వాళ్ళ పని తీరే వేరు. ఫైర్ ఇంజన్ షెడ్‌లో ఉంటుంది, పెట్రోల్ కార్ రోడ్డు మీద తిరుగుతూ ఉంటుంది, కాబట్టి వాళ్ళ టైమ్ దూరం మీద కాదు, ఆ క్షణం బండి ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. పగలు అయితే బాగుంటుంది. శనివారం రాత్రి పదకొండు తర్వాత డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్‌లు, కొట్లాటలు, డీజే సౌండ్ మీద కంప్లైంట్లు, బండ్లన్నీ ఒకే పక్కకి పోతాయి, ఇక అవతలి చివర ఎవరైనా 100కి కొడితే ఆలస్యమే. యావరేజ్ చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే నేను ఇన్‌స్పెక్టర్ గారిని అడిగింది యావరేజ్ కాదు, నెలలో అన్నిటికంటే ఆలస్యమైన పది కాల్స్ ఇవ్వండి అని. పదిలో ఎక్కువ రాత్రివి, చెరువు అవతలివి. మావీ అవే. రెండు డిపార్ట్‌మెంట్లకీ ఒకటే గుడ్డి మూల ఉందని పక్కపక్కన పెట్టి చూసేదాకా ఇద్దరికీ తెలీదు.

ముందు చేరి పెట్రోల్ వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే, మంట దగ్గరికి పోయి జనాన్ని వెనక్కి నెడుతున్నారు. మంచిదే, కానీ వాళ్ళ కారు కూడా గేటులోనే పెట్టేస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ గారు, నేను కూర్చుని వాళ్ళకి మూడే పనులు రాశాం: మెయిన్ రోడ్డు మలుపులో ఒక కానిస్టేబుల్ టార్చ్ పట్టుకుని నిలబడాలి, గేటు రెండు తలుపులూ తెరిపించాలి, ర్యాంప్ మీద బండ్లు తోయించాలి, వాళ్ళ బండి మాత్రం గేటు బయట. జనం సంగతి మేమొచ్చాక. ఎందుకు మూడే అంటే పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు, నాకూ గుర్తుండదు.

దీనికి ఖర్చు సున్నా. ఆ 9 నిమిషాల్లో ఎక్కువ భాగం తగ్గించింది ఇదే.

ట్యాంకర్ డ్రైవర్లు

అండర్ బ్రిడ్జి దగ్గర ఇరుక్కున్న రోజు వెనక హారన్ కొట్టినవాళ్ళలో ఒక నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ ఉన్నాడు. దిగొచ్చి మా డ్రైవర్‌తో "అన్నా, నిండు బండి ఇట్ల రాదు, చెరువు కట్ట మీంచి పోవాలె, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎడమకి కొట్టు" అన్నాడు. పోయాం, నిజంగానే దారి ఉంది, ముప్పై ఏళ్ళ సర్వీసున్న మా డ్రైవర్‌కి తెలియని దారి.

అప్పుడు వెలిగింది. ఆ ఊర్లో సగం అపార్ట్‌మెంట్లకి వేసవిలో ట్యాంకర్లే దిక్కు. వాళ్ళ బండి సైజు, బరువు దాదాపు మా బండే. ఏ సందులో తిరుగుతుంది, ఏ కల్వర్టు కుంగింది, ఏ గేటు రాత్రి తాళం, ఏ వాచ్‌మన్ లేవడు, అన్నీ వాళ్ళకి తెలుసు, ఎందుకంటే ట్రిప్పుకింత అని డబ్బులు, తప్పు దారి పడితే వాళ్ళకే నష్టం. మేము ఎంత సర్వే చేసినా అంత రాదు.

ఫిల్లింగ్ పాయింట్ దగ్గరికి పోయి వారం రోజులు టీ తాగాం. ఒక పాత రిజిస్టర్ తీసి లేఅవుట్ వారీగా రాశాం: పిలిచే పేరు, ఇంకో పిలిచే పేరు, కాగితం మీద పేరు, పెద్ద బండి దారి, ఏ గేటు, తాళం చెవి ఎవరి దగ్గర. గుడులకి కూడా నెంబర్లు ఇచ్చాం, నవ్వకండి, వినాయకుడి గుడి 1, 2, 3, 4. ఆ జాబితా కంట్రోల్ రూమ్‌కి ఇచ్చి, కాల్ వచ్చినప్పుడు అడ్రస్ ఏంటి అని కాకుండా "గుడి పక్కన చెరువు ఉందా, పెట్రోల్ బంక్ ఉందా" అని అడగమన్నాం. భయంలో ఉన్న మనిషికి ప్లాట్ నెంబర్ గుర్తురాదు, ఎదురుగా కనిపించేది మాత్రం చెప్తాడు. కరెంటు స్తంభాల మీద లైన్‌మన్లు రాసిన నెంబర్లు కూడా వాడదామనుకున్నాం, అది పగలు పనిచేసింది, రాత్రి కనపడవు, వదిలేశాం.

మిగతా 7 నిమిషాలు

అంటే ఎవరికీ ఫోన్ చేయని 7. ఇది అన్నిటికంటే కష్టం. వాచ్‌మన్‌ని అందరూ తిట్టారు గానీ అతని వైపు నుంచి చూడండి. ఎక్కడో ఒడిశా నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు, ప్రెసిడెంట్‌కి చెప్పకుండా ఫైర్ ఇంజన్‌ని పిలిచి అది చిన్న పొగ అని తేలితే ఉద్యోగం పోతుందని భయం. ఇంజన్ పిలిస్తే బిల్లు వేస్తారు అని ఎవరో చెప్పారట కూడా. కాబట్టి ట్రైనింగ్ వాచ్‌మన్‌కి కాదు ముందు అసోసియేషన్‌కి ఇచ్చాం, "ముందు 101 గానీ 112 గానీ, తర్వాతే నాకు ఫోన్, ఉత్తిదైనా నిన్నేమనను" అని ప్రెసిడెంట్ సంతకంతో గేటు రూమ్‌లో హిందీలో, తెలుగులో కాగితం అంటించాం. 112 వచ్చి ఏళ్ళవుతున్నా, అది నిర్భయ ఘటన తర్వాత దేశమంతటికీ ఒకే నెంబర్ అని పెట్టిందే అయినా, మా దగ్గర చాలామంది వేళ్ళకి 100, 108 మాత్రమే అలవాటు. 108 అయితే 2005 నుంచి ఉంది కదా, మంటకి కూడా అదే కొడతారు. ఏది కొట్టినా పర్లేదు, కొట్టండి చాలు అన్నాం.

వాచ్‌మన్లు మూడు నెలలకోసారి మారిపోతారు. కాబట్టి ఈ పని అయిపోయింది అనేది ఉండదు, మళ్ళీ మళ్ళీ పోవాలి.

ఇంకోటి కూడా వాళ్ళకి చెప్పా, కొంతమందికి నచ్చలేదు. మేము 7 నిమిషాల్లో వచ్చినా మొదటి గది మాకు దక్కదు. అమెరికాలో యూఎల్ అనే సేఫ్టీ టెస్టింగ్ సంస్థ వాళ్ళు పాతకాలం చెక్క, నూలు సామాన్ల గది ఒకటి, ఇప్పటి ఫోమ్ సోఫాల గది ఒకటి తగలబెట్టి చూశారు, పాత గది మొత్తం భగ్గుమనడానికి అరగంట దాకా పట్టింది, కొత్త గదికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంటే మొదటి ఐదు నిమిషాలు బిల్డింగ్ తనని తానే చూసుకోవాలి. మేము చెక్ చేస్తే ఆ చుట్టుపక్కల చాలా చోట్ల హైడ్రంట్ పంపు, అంటే బిల్డింగ్ సొంత ఫైర్ పైపుల్లోకి నీళ్ళు తోసేది, ఆటోమేటిక్‌లో లేదు, మాన్యువల్‌లో ఉంది, ఎందుకంటే లైన్‌లో ఎక్కడో లీకు, పంపు ఊరికే ఆన్ అవుతోందని ప్లంబర్ తిప్పేశాడు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది చనిపోయినప్పుడు కూడా నేను ముందు చూసింది ఇంజన్ టైమ్ కాదు, ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఇరుకు దారి.

లెక్క మార్చాక ఏమైంది

నేను చేసిన వాటిలో నాకే తలనొప్పి తెచ్చింది ఇది. లాగ్ బుక్‌లో రెండు టైములు ఉండేవి, ఐదు చేశా: కాలర్ ఫోన్ ఎత్తిన టైమ్, మా బెల్, బండి కదిలింది, గేటు, నీళ్ళు. గేటు, నీళ్ళు అని డ్రైవర్ వైర్‌లెస్‌లో చెప్తే వాచ్ రూమ్‌లో రాసుకుంటారు, అంతే. మొదటి నెల మావాళ్ళు నీళ్ళు చెప్పడం మర్చిపోయేవాళ్ళు, మంట ముందు నిలబడి మైక్ ఎవడు పట్టుకుంటాడు సార్ అని, నిజమే, అందుకే ఆ పని పంపు దగ్గర ఉండే డ్రైవర్‌కే ఇచ్చాం, పంపు ప్రెజర్ ఎక్కించినప్పుడే చెప్పేస్తాడు.

ఏడాది తర్వాత చెరువు అవతల ఒక లేఅవుట్‌లో కిచెన్ ఫైర్. రోడ్ నెంబర్ 4, అవును, మళ్ళీ. కంట్రోల్ రూమ్ ఏ గుడి అని అడిగింది, మూడో గుడి అని తేలింది, కట్ట మీంచి పోయాం, మలుపులో కానిస్టేబుల్ టార్చ్ ఊపుతున్నాడు, గేటు బార్లా తెరిచి ఉంది. కాల్ ఎత్తినప్పటి నుంచి నీళ్ళ దాకా 12 నిమిషాలు. స్కూటీ రాత్రి అదే లెక్కలో 24. ఇల్లు వంటగది వరకే కాలింది.

ఆ నెల రిపోర్ట్ పైకి పోయింది. మా స్టేషన్ యావరేజ్ అంతకుముందు కంటే పెరిగింది, పెరగదా మరి, అంతకుముందు బెల్ నుంచి గేటు దాకా రాసేవాళ్ళం, ఇప్పుడు ఫోన్ నుంచి నీళ్ళ దాకా రాస్తున్నాం. పక్క స్టేషన్లు పాత లెక్కే. నాకు మెమో వచ్చింది, రెస్పాన్స్ టైమ్ క్షీణించడానికి కారణాలు వివరించమని. నేను రెండు పేజీలు రాసి, ఐదు టైముల కాగితం జత చేసి, స్కూటీ కేసు పాత లెక్కలో 8, కొత్త లెక్కలో 24, ఈ కేసు పాత లెక్కలో 7, కొత్త లెక్కలో 12 అని టేబుల్ వేసి పంపా. జవాబు రాలేదు. ఇంకో మెమో కూడా రాలేదు, దాన్ని జవాబు కిందే తీసుకున్నా.

ఇలాంటి స్టేషన్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్కటి అడుగుతా, కొత్త బండి కోసం ఫైల్ పెట్టే ముందు ఒక్క పాత కాల్ తీసుకుని మొదటి పొగ నుంచి మొదటి నీళ్ళ దాకా నిమిషం నిమిషం రాసి చూడండి, ఎవరి తప్పు అని కాకుండా ఎక్కడ పోయింది అని. మీ ఊర్లో ఆ 31 వేరేలా చీలొచ్చు. మాకు ట్రాఫిక్ సమస్యే కాలేదు, రాత్రి కేసులు కాబట్టి, మీకు అదే మొత్తం కావొచ్చు. ట్యాంకర్లు లేని ఊరైతే చెత్త లారీ వాళ్ళని, గ్యాస్ బండి వాళ్ళని అడగండి.

మొన్న అటువైపు పనిపడి స్టేషన్‌కి వెళ్ళా. ఇంకా ఒకటే బండి. రిజిస్టర్ ఉంది, అట్ట ఊడిపోతే ఎవరో గోనె దారంతో కుట్టారు. మంజీరా నీళ్ళ లైన్ వచ్చిందట, ట్యాంకర్లు సగానికి తగ్గాయి, ఫోన్ నెంబర్లలో చాలావరకు పనిచేయట్లేదు. వాచ్ రూమ్‌లో ఉన్న కుర్రాడు కొత్తవాడు, నన్ను ఎవరో కాలనీ మనిషి అనుకుని "కూర్చోండి అంకుల్" అన్నాడు, కూర్చున్నా, చివరి పేజీలో ఐదో గుడి రాసి ఉంది.